ఉప్పలపాడు గట్టు మీద: పక్షుల ఫోటోలు తీయాలనుకునేవాళ్ళకు

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో పద్దులు రాస్తాను. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి టిక్కీలు (బస్తాలు) దిగుతూనే ఉంటాయి. రాత్రి పది దాటినా లెక్క తేలదు. సరిగ్గా ఆ నెలల్లోనే ఉప్పలపాడు చెరువులో పక్షులు పిల్లల్ని సాకుతుంటాయి. నాకు మిగిలేది ఆదివారం ఉదయం ఒక్కటే, ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా. పదకొండేళ్ళుగా నేర్చుకున్నదంతా ఆ మూడున్నర గంటల్లో నేర్చుకున్నదే.

కొత్తగా కెమెరా కొన్నవాళ్ళు నన్ను ముందుగా అడిగేది "ఏ లెన్స్ కొనమంటారు?" అని. "గట్టు మీద ఎక్కడ కూర్చోమంటారు?" అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నాకు తెలిసినంతలో ఫోటో మంచిచెడ్డలు ముప్పాతిక వంతు ఆ రెండో ప్రశ్నలోనే తేలిపోతాయి. అందుకే ముందు దాని గురించి చెబుతాను.

ఉప్పలపాడు గుంటూరుకి సుమారు 8 కిలోమీటర్లు, పెదకాకాని మండలం. ఊరి చెరువు మధ్యలో తుమ్మచెట్లు ఉన్నాయి, అటవీశాఖ వాళ్ళు పెట్టిన ఇనుప స్టాండ్లు ఉన్నాయి. వాటి మీదే గూళ్ళు. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు అన్నీ అంతస్తులవారీగా కాపురం ఉంటాయి. చెరువు పెద్దది కాదు. కొల్లేరులో అయితే పడవెక్కితే గానీ ఇంత దగ్గరగా కనపడని పక్షి ఇక్కడ గట్టు మీద నుంచే కనిపిస్తుంది. గూడబాతు రెక్కలు చాపితే రెండు మీటర్ల పైనే ఉంటుంది, కాబట్టి 300 ఎంఎం లెన్స్‌తోనే ఫ్రేమ్ చక్కగా నిండుతుంది. లక్షలు పోసి పెద్ద లెన్స్ కొనాలన్న టెన్షన్ మొదటి రెండేళ్ళు పెట్టుకోకండి.

మొదటి ఏడాది నేను ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ నిలబడి తీసేవాణ్ణి. వందల ఫోటోలు తీస్తే అన్నిట్లోనూ కొంగల తోకలే. గట్టు మీద గేదెల్ని తోలుకొచ్చే పెద్దాయన ఒకరు రోజూ చూస్తూ ఉండేవారు. ఒకరోజు దగ్గరికొచ్చి, "ఏం అబ్బాయా, అన్నీ వీపులే తీస్తన్నావా?" అన్నారు. "అవి ఇటు తిరగట్లేదు బాబాయ్" అన్నాను. ఆయన కండువా కొస వేలికి చుట్టి గాల్లోకి ఎత్తి చూపించారు. "గాలి ఎటుంచి వస్తందో చూడు. కొంగ గాలికి ఎదురు దిగుద్ది, గాలికి ఎదురే లేస్తది. గాలి నీ వీపుకి తగలాల. అప్పుడు అది నీ మొహం చూస్తా వస్తది."

ఆ ఒక్క మాటతో నా ఫోటోలు మారిపోయాయి. పెద్ద పక్షి దేనికైనా దిగేటప్పుడు వేగం తగ్గాలి, ఎదురుగాలి ఆ పని చేసిపెడుతుంది. లేచేటప్పుడు రెక్కల కింద ఎత్తు దొరకాలి, అదీ ఎదురుగాలే ఇస్తుంది. ఇక ఎండ కూడా మన వెనక నుంచే పడితే పక్షి కంటిలో మెరుపు, రెక్కల కింది ఈకలు విడివిడిగా కనిపిస్తాయి. గాలీ ఎండా రెండూ వీపున ఉండే చోటు వెతుక్కోవడమే గట్టు మీద మొదటి పని. కెమెరా సంచిలోనే ఉంచి, ముందు ఆ చోటు చూసుకోండి.

మన ప్రాంతంలో ఈ లెక్క ఉదయం పూట బాగా కలిసొస్తుంది. నవంబరు నుంచి జనవరి దాకా గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. సూర్యుడు ఆగ్నేయం వైపు వంగి ఉదయిస్తాడు. కాబట్టి చెరువుకి తూర్పు వైపు కూర్చుని పడమరకి చూస్తే రెండూ దాదాపు వెనకే ఉంటాయి. ఫిబ్రవరి చివరికి గాలి దక్షిణానికి మళ్ళుతుంది, అప్పుడు మీరూ ఆగ్నేయం మూలకి జరగాలి. సాయంత్రం మాత్రం లెక్క తిరగబడుతుంది. ఎండ పడమర నుంచి, గాలి తూర్పు నుంచి. ఎండని వెనక పెట్టుకుంటే పక్షులన్నీ వీపులు చూపిస్తాయి. అందుకే సాయంత్రం వెళ్తే నేను ఎగిరే కొంగల జోలికి పోను. పొద్దు వాలే వైపు తిరిగి, ఆకాశం ఎరుపు మీద చెట్టూ కొంగలూ నల్లగా నీడబొమ్మల్లా వచ్చేలా తీస్తాను. చలికాలంలో గులాబీ రంగు గోరింకలు దూరదేశాల నుంచి మన చేల మీదికి వస్తాయి. చీకటి పడబోయే ముందు అవి గుంపుగా గాల్లో మెలికలు తిరుగుతుంటే ఆ నీడబొమ్మలకి సాటి లేదు.

చోటు కుదిరాక కూర్చోండి. నిలబడొద్దు. నేను ఖాళీ మిర్చి గోతం ఒకటి తీసుకెళ్తాను. బాగా దులిపి ఎండలో వేసిందైతేనే, లేకపోతే తుమ్ములతో పక్షులన్నీ లేస్తాయి. మనిషి నిలబడితే పక్షికి ఎత్తుగా కనిపిస్తాడు. కూర్చుని పావుగంట కదలకుండా ఉంటే గట్టు దగ్గరి నీటికాకి కూడా మళ్ళీ వచ్చి రెక్కలు ఆరబెట్టుకుంటుంది. కింద నుంచి తీస్తే నీళ్ళూ, వెనకనున్న ఆకుపచ్చ మసకా ఫోటోకి వస్తాయి. పై నుంచి తీస్తే బురద వస్తుంది.

ఆ పావుగంట చూపుతోనూ చెవితోనూ పని చేయాలి. కొంగలు గూటికి వచ్చే దారులు ఉంటాయి. పుల్లలు మోసుకొచ్చేది, మేత తెచ్చేది దాదాపు ఒకే దారిలో వస్తాయి. మొదటి రెండు రాకలు ఫోటో తీయకుండా ఊరికే చూడండి, మూడోదానికి ఎక్కడ చూపు నిలపాలో తెలిసిపోతుంది. ఎర్రకాళ్ళ కొంగ పెద్దది అరవదు, దానికి గొంతు లేనట్టే. ముక్కు టకటకలాడించడమే దాని మాట. అరిచేది పిల్లలు. ఒక గూటిలో ఉన్నట్టుండి అరుపులు ఎక్కువయ్యాయంటే అమ్మో నాన్నో ఆకాశంలో కనబడ్డారన్నమాట. ఆ గూటి మీద కెమెరా పెట్టి ఉంచితే దిగడం మొత్తం దొరుకుతుంది. లేవబోయే కొంగ కూడా ముందే చెబుతుంది: ఒళ్ళు ముందుకి వాలుస్తుంది, మెడ సాచుతుంది, చాలాసార్లు రెట్ట వేస్తుంది. రెట్ట వేసిందంటే వేలు బటన్ మీదకి పోవాలి.

ఇక కెమెరా సంగతి. ఎగిరే పక్షికి షట్టర్ వేగం సెకనులో 2000వ వంతు పెట్టండి. గూడబాతు రెక్క నింపాదిగా ఆడిస్తుంది కాబట్టి 1250వ వంతైనా సరిపోతుంది. నీళ్ళలోకి దూకే లకుముకి పిట్టకైతే 3200వ వంతు కూడా ఒక్కోసారి చాలదు. లెన్స్ ఎంత తెరుచుకుంటే అంత తెరిచి, ఐఎస్ఓ (కెమెరా వెలుగుని ఎంత పెంచి చూడాలో చెప్పే అంకె) ఆటోలో పెట్టి, పైహద్దు 3200 ఇస్తాను. కొంచెం గ్రెయిన్ వచ్చినా ఇంట్లో సర్దుకోవచ్చు, కదిలిపోయిన కన్నుని ఎవరూ సర్దలేరు. ఫోకస్ కదిలే పక్షిని వెంబడించే కంటిన్యువస్‌లో ఉండాలి, పాయింట్ కంటి మీద ఉండాలి. వీలైతే ఫోకస్‌ని షట్టర్ బటన్ నుంచి తీసి వెనక బటన్‌కి మార్చుకోండి. వారం రోజులు చెయ్యి తడబడుతుంది, తరువాత పాత పద్ధతికి వెళ్ళబుద్ధి కాదు.

అందరూ దెబ్బతినేది తెల్లటి పక్షి దగ్గర. మన చెరువులో సగం పక్షులు తెల్లనివే కాబట్టి దీన్ని కొంచెం నిదానంగా చెబుతాను. కెమెరా తను చూసిన దృశ్యం మొత్తం సగటున బూడిదరంగు వెలుగుకి రావాలని లెక్క వేస్తుంది. ముదురాకుపచ్చ చెట్టు ముందు చిన్నగా ఒక తెల్ల కంకణం వాలిందనుకోండి. ఫ్రేమంతా చీకటిగా ఉందే అనుకుని కెమెరా వెలుగు పెంచేస్తుంది, పిట్ట ఒంటి మీద ఒక్క ఈక గీత కూడా మిగలకుండా సున్నం కొట్టినట్టు అవుతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్‌ని మైనస్ ఒకటి దాకా తగ్గించాలి. అదే పిట్ట దగ్గరికొచ్చి ఫ్రేమంతా నిండితే, ఇంత తెలుపేమిటని కెమెరా వెలుగు తగ్గిస్తుంది, మాసిన పంచెలా వస్తుంది. అప్పుడు ప్లస్‌లోకి పోవాలి. తెల్లటి ఆకాశం ముందు ఎగిరే నల్లటి నీటికాకికీ ప్లస్సే. పెద్ద పెద్ద సూత్రాలు బట్టీ పట్టక్కర్లేదు. వెనక ఏముంది, పక్షి ఎంత ఉంది అని రెండు ప్రశ్నలు వేసుకోండి. తీసిన మొదటి ఫోటోలో తెలుపు పోయిన చోట మిణుకుమిణుకుమనే హెచ్చరిక ఆన్ చేసుకోండి. పక్షి ఒంటి మీద అది మిణుకుమంటే తగ్గించండి. చెట్టు నల్లబడినా ఫర్వాలేదు. రా ఫైల్‌లో, అంటే కెమెరా తను పట్టిందంతా కుదించకుండా దాచే ఫైల్‌లో, నీడల్ని పైకి లాగొచ్చు. పోయిన తెలుపు మాత్రం తిరిగి రాదు.

జనవరిలో సూర్యుడు ఆరుముప్పావు దాకా రాడు, పొగమంచు ఉంటే ఏడున్నర కూడా అవుతుంది. మంచులో రంగులు ఉండవు గానీ ఆకారాలు ఉంటాయి. నత్తగుల్ల కొంగ కొమ్మ చివర పక్కకి తిరిగి నిలబడితే దాని ముక్కు పై సగానికీ కింది సగానికీ మధ్య సందు తెల్లటి మంచు మీద స్పష్టంగా కనిపిస్తుంది. ఆ సందు పెద్ద పక్షికే ఉంటుంది, పిల్లకి ఉండదు. ఈ వివరం తెలిశాక నేను కొంగ వయసు కూడా ఫోటోలో చెప్పాలని చూస్తుంటాను. ఫిబ్రవరి దాటితే మాత్రం తొమ్మిదింటికల్లా నీళ్ళ మీద గాలి వేడెక్కి అలలు అలలుగా ఆడుతుంది. దూరపు పక్షి ఎంత తీసినా మెత్తగా వస్తుంది. అది లెన్స్ తప్పు కాదు, దాన్ని పట్టుకుని సర్వీసుకి పరిగెత్తొద్దు. దగ్గరి పక్షుల్ని తీసుకుని ఇంటికి రండి.

ట్రైపాడ్ కంటే నాకు సంచి నచ్చింది. పాత జీన్స్ ప్యాంటు కాలు కోసి మా ఆవిడ కుట్టిచ్చింది, అందులో రెండు కిలోల పెసలు. మోకాలి మీదో, రాయి మీదో పెట్టి లెన్స్ ఆనిస్తే ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. టోపీ తప్పనిసరి, పైన ఎగిరేవి ఎక్కడ రెట్ట వేస్తాయో చెప్పలేం. తెల్లారకముందే వెళ్ళేవాళ్ళు బూట్లు వేసుకుని, గట్టు మీద టార్చి లైటు కింద వేసుకుంటూ నడవాలి. రక్తపింజరి ఉండే ప్రాంతం మనది.

తేమ గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నేను ఒక లెన్స్ పోగొట్టుకున్నాను. రాత్రంతా ఏసీ గదిలో ఉన్న కెమెరాని తెల్లారుజామున గట్టు మీద తీస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. పైన పడింది తుడుచుకోవచ్చు, లోపల పడింది బూజవుతుంది. ముందు రోజు రాత్రే సంచిని ఏసీ లేని గదిలో పెట్టండి. మరిచిపోతే, వెళ్ళాక అరగంట సంచి జిప్పు తీయకండి. ఇంట్లో మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి. ఆ గింజల రంగు మారినప్పుడల్లా వాటిని వేడి చేసి ఆరబెట్టుకోవాలి. బియ్యంలో పెట్టమని కొందరు చెబుతారు. వద్దు, ఆ తవుడు దుమ్ము లెన్స్ సందుల్లోకి పోతుంది.

ఇప్పుడు గూళ్ళ మాట. ఆరేళ్ళ కిందట ఫిబ్రవరిలో ఒక ఆదివారం, కారులో నలుగురు వచ్చారు. చేతుల్లో ఖరీదైన కెమెరాలు. పక్షులన్నీ ఒక్కసారి లేస్తే వీడియో బాగుంటుందని చప్పట్లు కొట్టారు, కేకలేశారు. చెట్టు చెట్టంతా లేచింది. వాళ్ళకి కావలసిన వీడియో వచ్చింది. నేను చూస్తుండగానే రెండు కాకులు ఖాళీ అయిన గూటి మీద వాలి, ఒక గుడ్డు పొడిచి పట్టుకుపోయాయి. నిమిషం కూడా పట్టలేదు. ఆ తల్లి తిరిగి వచ్చి గూటి అంచున చాలాసేపు నిలబడింది. అప్పుడు నేను కెమెరా ఎత్తలేదు.

గూటి మీద పక్షి ఊరికే కూర్చోదు. ఎర్రకాళ్ళ కొంగ మధ్యాహ్నం ఎండలో రెక్కలు గొడుగులా విప్పి పిల్లల మీద నీడ పడేలా గంటల తరబడి నిలబడుతుంది. గొంతులో నీళ్ళు తెచ్చి పిల్లల మీద కక్కి చల్లబరుస్తుంది. దాన్ని మనం లేపితే పోయేది నీడ. అందుకని చప్పట్లు, రాళ్ళు, పక్షి అరుపుల రికార్డింగులు, డ్రోన్ ఏవీ వద్దు. గట్టు దిగి నీళ్ళ అంచుకి పోవద్దు. మీరు చూస్తుండగా పక్షి మేత ఆపి మెడ నిటారుగా పెట్టి మీ వైపే చూస్తోందంటే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చినట్టే, వెనక్కి జరగండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గూళ్ళని, గుడ్లని కూడా కాపాడుతుంది. చట్టం సంగతి అలా ఉంచితే, ఆ ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి తమ చెరువులో వాటికి చోటిచ్చి కాపాడుకుంటూ వచ్చారు. మనం అక్కడ చుట్టాలం.

గూడబాతు పిల్ల మేత తినడం తీయాలనుకుంటే దూరం నుంచే తీయొచ్చు. పిల్ల తలకాయ మొత్తం తల్లి గొంతు సంచిలో దూర్చేస్తుంది. చూడని వాళ్ళు తల్లి పిల్లని మింగుతోందనుకుంటారు. ఆ క్షణానికి 800వ వంతు చాలు. లెన్స్ తెరుపుని కొంచెం బిగించి ఎఫ్/8 చేస్తే ఇద్దరి కళ్ళూ ఫోకస్‌లోకి వస్తాయి.

కొంగల మధ్య మిగతా ప్రాణుల్ని మరిచిపోతుంటాం. తూనీగ ఎగిరిపోయినా మళ్ళీ అదే పుల్ల మీదికి వచ్చి వాలుతుంది, కాబట్టి తరమొద్దు, ఆ పుల్ల మీద ఫోకస్ పెట్టి ఆగండి. ఎండ ముదిరితే కొన్ని తూనీగలు తోక నిట్టనిలువుగా సూర్యుడి వైపు లేపుతాయి, ఒంటికి తగిలే ఎండ తగ్గించుకోవడానికి. గుర్రపుడెక్క పక్కన నీరుకట్టు పాము తల మాత్రం పైకి పెట్టి ఉంటుంది, విషం లేనిదే గానీ చేత్తో కదపొద్దు. వీటికి కడుపు నేలకి ఆనించి పడుకుని తీయాలి. గోతం అక్కడా పనికొస్తుంది.

విజయవాడ వాళ్ళు చేయి తిప్పుకోవడం నేర్చుకోవడానికి ఇంత దూరం రానక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దిగువన, గేట్లు మూసి ఉన్న రోజుల్లో ఇసుక మేటల మధ్య మడుగులు మిగులుతాయి. తెల్ల కొంగలు, నలుపు తెలుపు లకుముకి పిట్టలు అక్కడ వేటాడతాయి. ఆ లకుముకి నీళ్ళ మీద ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడి, ఉన్నట్టుండి నిలువునా పడుతుంది. గాల్లో నిలబడ్డప్పుడు ఫోకస్ పట్టడం వారం పాటు సాధన చేస్తే గూడబాతు చాలా తేలికనిపిస్తుంది.

ఉప్పలపాడు చేతికి అలవాటయ్యాక కొల్లేరులోని ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్ళండి. విజయవాడ నుంచి గుడివాడ మీదుగా భీమవరం వెళ్ళే రైలెక్కి కైకలూరులో దిగితే అక్కడి నుంచి దగ్గరే. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు వరసగా ఉంటాయి. పడవలో ట్రైపాడ్ పెట్టకండి, ఇంజిన్ అదురంతా దాని కాళ్ళ మీదుగా కెమెరాకి ఎక్కుతుంది. చేత్తోనే పట్టుకుని, మోచేతులు పక్కటెముకలకి ఆనించి, వేగం 1600వ వంతుకి తగ్గకుండా చూసుకోండి. "బాబాయ్, ఇక్కడ కాస్త ఇంజిన్ ఆపండి" అని ఎక్కకముందే మాట తీసుకోండి. గూళ్ళ దగ్గరికి వెళ్ళాక అడిగితే మన గొంతుకే పక్షులు బెదురుతాయి. గాలీ ఎండా లెక్క ఇక్కడా అదే, కాకపోతే గట్టుకి బదులు పడవ తిప్పించుకోవాలి.

ఇంటికొచ్చాక ఆ రోజే ఫోటోలు చూడకండి. కొట్లో రెండు రోజులు గడిచాక చూస్తే, కష్టపడి తీశామన్న మమకారం తగ్గి మంచిది ఏదో తెలుస్తుంది. నేను ఆరువందలు తీస్తే పది ఉంచుకుంటాను. ప్రతి ఆదివారానికీ పద్దు పుస్తకంలో ఒక వరస రాస్తాను: తేదీ, గాలి ఎటు, మంచు ఎప్పుడు విడింది, ఎక్కడ కూర్చున్నాను, ఏ గూట్లో గుడ్లు, ఏ గూట్లో పిల్లలు. మరుసటి ఏడాది అదే వారంలో ఏం ఎదురుచూడాలో ఆ వరసే చెబుతుంది. గేదెల పెద్దాయనకి పోయినేడు పెద్ద సైజు ప్రింటు ఒకటి ఇచ్చాను, గూడబాతు నీళ్ళ మీద పాదాలు ఈడుస్తూ ఎదురుగా దిగుతున్నది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈశాన్యం గాలి" అన్నారు. పుస్తకం తెరిచి చూశాను. అదే.